బట్టల బేరం పోయి బతికిన ఊళ్ళు: బ్రిటనీలో మా తిరుగుళ్ళు

ఫ్రాన్స్‌లో ఉంటున్నామని తెలిస్తే చాలు, ఇండియా నుంచి ఎవరొచ్చినా లిస్టు ఒకటే, ఐఫిల్ టవర్, డిస్నీలాండ్, టైం మిగిలితే మోన్ సాన్ మిషెల్ (సముద్రం మధ్య గుట్ట మీదున్న పాత మఠం). మేముండేది రెన్‌లో, ఫ్రాన్స్ పడమటి కొసనున్న బ్రిటనీ ప్రాంతానికి రాజధాని లాంటి ఊరు, పారిస్ నుంచి ఫాస్ట్ ట్రైన్‌లో గంటన్నర. మోన్ సాన్ మిషెల్ మాకు దగ్గరే కానీ లెక్క ప్రకారం అది పక్క ప్రాంతం నార్మండీది, ఈ మాట మాత్రం ఇక్కడి వాళ్ళ ముందు గట్టిగా అనకండి, వందల ఏళ్ళ నుంచీ నలుగుతున్న గొడవ, మనకెందుకు. ఈసారి మా అత్తయ్య వచ్చి ఎండాకాలం అంతా మాతోనే ఉన్నారు, ఆవిడకి టవర్లూ క్యూలూ పడవు, "ఊళ్ళు చూపించండమ్మా, మనుషులు ఎలా బతుకుతున్నారో చూద్దాం" అన్నారు, దాంతో శని ఆదివారాలు మా ఆయన కారు తీయడం, మేం లోపలి ఊళ్ళ మీద పడటం.

బ్రిటనీ లోపలి చిన్న ఊళ్ళు చాలావరకు రెండే వస్తువులతో కట్టినట్టు కనిపిస్తాయి, ఒకటి నల్లగానో బూడిద రంగులోనో ఉండే గ్రానైట్ రాయి, రెండోది చెక్క దూలాల ఫ్రేములు కట్టి మధ్యలో మట్టీ గడ్డీ నింపిన పాత ఇళ్ళు. ఆ చెక్క ఇళ్ళల్లో పై అంతస్తు కింద అంతస్తు కంటే ముందుకి తోసుకొచ్చి ఉంటుంది, సందులో నిలబడి పైకి చూస్తే రెండు వైపుల ఇళ్ళూ తలలు ఆనించి కబుర్లు చెప్పుకుంటున్నట్టు ఉంటాయి. టూరిజం కాగితాల్లో అన్నిటి గురించీ ఒకటే రాస్తారు, "కాలం ఆగిపోయిన ఊరు" అని. నాలుగైదు ఊళ్ళు తిరిగాక నాకర్థమైంది ఏంటంటే ఆగింది కాలం కాదు, డబ్బు. ఒకప్పుడు బట్టల వ్యాపారంతో దండిగా సంపాదించి రాతి మేడలు కట్టుకున్నారు, తర్వాత ఆ వ్యాపారం కూలిపోయింది, పాతవి పడగొట్టి కొత్తవి కట్టుకోడానికి ఎవరి దగ్గరా డబ్బుల్లేవు, అందుకని మిగిలిపోయాయి. మనం ఫోటోలు తీసుకునేది ఒకరకంగా వాళ్ళ దివాలాని.

వీటికి బిరుదులు కూడా ఉన్నాయి. "ఫ్రాన్స్‌లో అతి అందమైన గ్రామాలు" అని ఒక సంఘం ఉంది, 1982లో షార్ల్ సేరాక్ అని కోలోంజ్-లా-రూజ్ ఊరి మేయర్ మొదలుపెట్టాడు, అందులో చేరాలంటే జనాభా 2000 దాటకూడదు, రక్షిత కట్టడాలో ప్రదేశాలో కనీసం రెండుండాలి. ఇంకోటి "పెతీత్ సితే ద కారక్తేర్", అంటే తనకంటూ ఓ తీరున్న చిన్న పట్టణాలు, ఇది 1970ల్లో బ్రిటనీలోనే పుట్టి తర్వాత మిగతా ఫ్రాన్స్‌కి పాకింది, దీనికి జనాభా 6000 లోపు ఉంటే చాలు. నా ఓటు రెండో దానికే. మొదటి రకంలో కొన్నిచోట్ల సాయంత్రం ఆరు దాటితే టూరిస్టులతో పాటు ఊరే వెళ్ళిపోయినట్టుంటుంది, రెండో రకంలో స్కూలు, మంగలి షాపు, మందుల షాపు, చక్రాల సంచి లాక్కుంటూ వెళ్ళే ముసలమ్మలు, అన్నీ ఉంటాయి.

ముందు లోక్రొనాన్ గురించి చెప్పాలి, ఎందుకంటే అది రెండు బిరుదులూ ఉన్న ఊరు, బాగా దూరం కూడా, రెన్ నుంచి రెండున్నర గంటలు పడుతుంది. జనాభా ఎనిమిది వందల దరిదాపు. నడిబొడ్డున రాళ్ళు పరిచిన పెద్ద స్క్వేర్, మధ్యలో బావి, చుట్టూ 17, 18 శతాబ్దాల గ్రానైట్ మేడలు, ఓ పక్క 15వ శతాబ్దపు చర్చి. కరెంటు తీగలన్నీ భూమి లోపలే, కార్లు ఊరి బయటే ఆపాలి, అందుకే సినిమా వాళ్ళు దీన్ని వదలరు, పాతకాలం కథ అయితే సెట్టు వేయక్కర్లా, రాళ్ళ మీద కాస్త మట్టి పోస్తే సరి. ఎనిమిది వందల మంది ఊరికి ఇంత చర్చి, ఇన్ని మేడలు ఎందుకొచ్చాయి అంటే తెరచాపల వల్ల. ఇక్కడ హెంప్ నారతో ఓడల తెరచాప గుడ్డ నేసేవాళ్ళు. హెంప్ అంటే గంజాయి జాతి మొక్కే కానీ మత్తు లేని రకం అని మా ఆయన అత్తయ్యకి ఎంత వివరించినా ఆవిడ మొహంలో అనుమానం పోలేదు. ఆ గుడ్డ పక్కనున్న దువార్నెనే వైపు రేవు నుంచి యూరప్ దేశాలకి వెళ్ళేది. తర్వాత 18వ శతాబ్దంలో బ్రెస్ట్, రెన్ లాంటి చోట్ల పెద్ద కార్ఖానాలు వచ్చాయి, లోక్రొనాన్ మగ్గాలు వాటితో పోటీ పడలేకపోయాయి.

స్క్వేర్ మీద ఒక ఇంటిని చూపించి ఇది ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ ఆఫీసు అని చెప్తారు. ఈ కంపెనీ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తా.

అందరూ స్క్వేర్‌లో ఫోటోలు తీసుకుని, బటర్ కేకు కొనుక్కుని వెళ్ళిపోతారు, మీరు మాత్రం ర్యూ మోయల్ అనే వీధి పట్టుకుని కిందకి దిగండి. ఇది నేతగాళ్ళ వీధి, స్క్వేర్ మీద మేడలు వ్యాపారులవైతే ఇవి నేసినవాళ్ళ ఇళ్ళు, చిన్న గుమ్మాలు, చిన్న కిటికీలు, గోడల పక్కన నీలం హైడ్రేంజియా పూలు (నేల ఆమ్లంగా ఉంటే అవి నీలంగా పూస్తాయట, ఇక్కడ గ్రానైట్ నేల కాబట్టి ఎటు చూసినా నీలమే). వీధి చివర చిన్న గుడి లాంటి చాపెల్, దాని పక్కన ఊట నీళ్ళు, బట్టలుతికే రాతి తొట్టి. చాపెల్ కిటికీ అద్దాలు మాత్రం పాతవి కావు, ఆల్ఫ్రెడ్ మానెస్సియే అనే ఆధునిక చిత్రకారుడు 1980ల్లో చేసిన రంగుటద్దాలు, బొమ్మలేం ఉండవు, రంగులే. అత్తయ్య ఆ ఉతికే రాయి దగ్గర కూర్చుని చాలాసేపు లేవలేదు, "వ్యాపారి మేడ గట్టున, నేసేవాడి ఇల్లు పల్లాన, ఎక్కడైనా ఇంతేనమ్మా" అన్నారు. ఆవిడ పుట్టిల్లు పెడన, ఇంట్లో మగ్గం చప్పుడు వింటూ పెరిగిన మనిషి, నేను గైడ్ బుక్కులో చదివే విషయం ఆవిడ ఇల్లు చూసి చెప్పేస్తారు.

లోక్రొనాన్‌లో ఇంకోటి ఉంది, త్రోమేని. సెయింట్ రోనాన్ అని ఐర్లండ్ నుంచి వచ్చిన సన్యాసి పేరు మీదే ఊరు, ఆయన సమాధి చర్చిలోనే ఉంది. ఆరేళ్ళకోసారి జూలైలో ఆయన పేరున పన్నెండు కిలోమీటర్లు పొలాల గట్ల మీదుగా, కొండ మీదుగా ఊరేగింపుగా నడుస్తారు, జెండాలు, గంటలు, దారిలో ఆగే చోట్లు, అచ్చం గిరి ప్రదక్షిణే. మిగతా ఏళ్ళలో చిన్నది చేస్తారు. పెద్దది 2025లో అయింది కాబట్టి మళ్ళీ 2031.

ఇక కాంతాన్ అనే ఊరు. లోక్రొనాన్‌లో సగం జనం కూడా ఇక్కడికి రారు, అది నాకు మంచిదే అనిపించింది. ఇది తెరచాపల ఊరు కాదు, సన్న లినెన్ ఊరు. లినెన్ అంటే ఇప్పుడందరూ హెల్త్ అని పెరుగులో వేసుకుని తింటున్న అవిసె గింజలున్నాయే, ఆ మొక్క నారే. ఈ వ్యాపారం నడిచిన తీరు వింటే ఆశ్చర్యమేస్తుంది, విత్తనాలు బాల్టిక్ సముద్రం వైపు నుంచి ఓడల్లో రోస్కోఫ్ రేవుకి వచ్చేవి, ఉత్తర తీరంలో పండించేవాళ్ళు, నారని లోపలికి తెచ్చి కాంతాన్, యూజెల్, లూడెయాక్, మోంకోంతూర్ చుట్టుపక్కల పల్లెల్లో వడికి నేసేవాళ్ళు, ఆ గుడ్డ సాన్ మాలో రేవులో ఓడెక్కి స్పెయిన్‌లో కాదిజ్‌కి, అక్కణ్ణించి అట్లాంటిక్ దాటి స్పెయిన్ వాళ్ళ అమెరికా కాలనీలకి. ఒక చొక్కా గుడ్డ కోసం మూడు సముద్రాలు. తర్వాత యుద్ధాలు, స్పెయిన్ కాలనీలు చేజారడం, ఇంగ్లండ్ మిల్లు కాటన్, అన్నీ కలిసి 19వ శతాబ్దంలో ఈ నేతని ముంచేశాయి. ఇంగ్లండ్ మిల్లు గుడ్డ అనగానే అత్తయ్య తలూపారు, ఆ కథ ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

కాంతాన్‌లో నేతగాళ్ళ మ్యూజియం ఒకటుంది, పాత ఇంట్లో మగ్గం పెట్టి నేసి చూపిస్తారు. అక్కడి నేత ఆయనకీ మా అత్తయ్యకీ మాట్లాడుకోడానికి ఒక్క భాష లేదు, ఆయన ఫ్రెంచ్, ఈవిడ తెలుగు, మధ్యలో నేను ట్రాన్స్‌లేటర్‌ని అనుకున్నా కానీ నా అవసరమే పడలేదు, ఆవిడ వంగి పడుగులో ఒక పోగు తెగిందని వేలితో చూపించారు, ఆయన నవ్వి ముడేశాడు, తర్వాత ఇద్దరూ చేతులతోనే పావుగంట మాట్లాడుకున్నారు.

మోంకోంతూర్ గురించి ఎక్కువ రాయను, కొండ మీద గోడల మధ్య చిన్న ఊరు, ఇదీ లినెన్ డబ్బే, సాన్ మతురాన్ చర్చిలో 16వ శతాబ్దపు రంగుటద్దాలు చాలా బాగుంటాయి. మేం వెళ్ళిన రోజు వాన, ఇక్కడి వాన కురవదు, గాల్లో వేలాడుతూ ఉంటుంది, గొడుగు పట్టినా తడుస్తాం పట్టకపోయినా తడుస్తాం, అద్దాలు చూసి బయటపడ్డాం.

తర్వాత వారం ఊస్త్ నది వెంట రెండు ఊళ్ళు, మలెత్రువా, జోస్లాన్. ఇవి రెన్ నుంచి గంట దూరంలోనే. మలెత్రువాలో మార్కెట్ స్క్వేర్ దగ్గర పాత చెక్క ఇళ్ళ దూలాల మీద చెక్కిన బొమ్మలు చూడాలి, ఒక ఆడ పంది బుద్ధిగా కూర్చుని దారం వడుకుతూ ఉంటుంది, ఒక కుందేలు బ్రిటనీ తోలుతిత్తి వాయిద్యం, దాన్ని బినియూ అంటారు, అది ఊదుతూ ఉంటుంది. ఎందుకు చెక్కారు అంటే రకరకాలుగా చెప్తారు, నాకు మాత్రం ఆ వడ్రంగి ఎవరి మీదో కసి తీర్చుకున్నట్టే అనిపించింది. 

జోస్లాన్‌లో నది అంచునే రోఆన్ వంశం కోట, మూడు గుండ్రటి బురుజులు నీళ్ళల్లోంచి లేచినట్టుంటాయి. బయటి నుంచి చూస్తే యుద్ధానికి కట్టిన గోడ, లోపలి వైపుకెళ్తే అదే కోట లేసు అల్లినట్టు రాతి చెక్కడాలు. ఒకప్పుడు దీని ప్రధాన బురుజుని 1629లో అప్పటి ఫ్రాన్స్ రాజుగారి మంత్రి కార్డినల్ రిషల్యూ కూలగొట్టించాడు. ఆ వంశం వాళ్ళు ఇప్పటికీ ఇందులోనే ఉంటారు, కొన్ని గదులు టికెట్ పెట్టి చూపిస్తారు.

కోట కంటే నాకు ఆ ఊరి అమ్మవారి కథ నచ్చింది. అమ్మవారు అనే అంటాను, అత్తయ్య అలాగే అన్నారు కాబట్టి. ఎప్పుడో 9వ శతాబ్దం మొదట్లో ఒక రైతు ముళ్ళ పొదలు కొడుతుంటే మేరీమాత విగ్రహం దొరికిందట, ఇంటికి తీసుకెళ్తే పొద్దున్నకల్లా మళ్ళీ పొదలోనే ఉండేదట, గుడి అక్కడే కట్టమని అర్థమైంది, కట్టాక ఆ రైతు గుడ్డి కూతురికి చూపొచ్చింది. మన పుట్టలో దొరికిన అమ్మవార్ల కథలన్నీ ఇంతే కదా. దీనికి ఒక తోక కూడా ఉంది, తర్వాతెప్పుడో ఆ అమ్మే బిచ్చగత్తె వేషంలో వచ్చి బట్టలుతికే ఆడవాళ్ళని గుక్కెడు నీళ్ళడిగితే వాళ్ళు కసిరి కుక్కల్ని ఉసిగొల్పారట, దాంతో మీరూ మీ సంతానం కుక్కల్లా మొరుగుతారు పొండి అని శపించింది. 19వ శతాబ్దంలో కూడా ఆ జబ్బుతో మొరిగే ఆడవాళ్ళని తిరునాళ్ళకి గుడికి తీసుకొచ్చేవాళ్ళని రాసి ఉంది. ఇప్పుడు మనం దానికి ఏదో మెడికల్ పేరు పెడతాం. తిరునాళ్ళు మాత్రం ఇప్పటికీ సెప్టెంబర్ 8న జరుగుతుంది.

కోట కింద నది అనుకున్నది నిజానికి నాంత్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్ళే కాలువలో భాగం, దాదాపు 360 కిలోమీటర్లు. ఇంగ్లీషు ఓడలు సముద్రంలో దారి కాస్తున్నాయని నెపోలియన్ భూమి మీదుగానే సరుకు పంపాలని మొదలుపెట్టించాడు, పూర్తయ్యేటప్పటికి ఆయనా లేడు ఆ యుద్ధమూ లేదు. ఇప్పుడు గట్టు మీద సైకిళ్ళు. మా ఆయనకి అన్నిటికంటే ఇదే నచ్చింది, సైకిల్ అద్దెకి తీసుకుని రెండు గంటలు కనపడకుండా పోయారు.

రోష్‌ఫోర్-ఆన్-టేర్ అందరూ వెళ్ళే ఊరు, 2016లో టీవీ ఓటింగ్‌లో ఫ్రెంచ్ వాళ్ళకి ఇష్టమైన గ్రామంగా గెలిచింది, అప్పట్నుంచి తాకిడి. ఇది నిజంగా అందమైన ఊరే, కాదనను, కానీ ఇందులో కొంత మేకప్ ఉంది. ఆల్ఫ్రెడ్ క్లోట్స్ అని ఒక అమెరికన్ చిత్రకారుడు 1907లో ఇక్కడి శిథిలమైన కోట కొని, వేరే పాత భవంతి నుంచి కిటికీలూ రాళ్ళూ తెప్పించి దాన్ని మళ్ళీ నిలబెట్టుకున్నాడు, 1911లో ఊళ్ళో కిటికీలకి పూలు పెట్టే పోటీ కూడా పెట్టాడు. ఈరోజు ప్రతి కిటికీలో ఎర్రగా కారిపోతున్న జెరానియంలు ఆ పోటీ పుణ్యమే. అంటే వందల ఏళ్ళ సంప్రదాయం అనుకుని మనం ఫోటో తీసుకునేది వందేళ్ళ కిందటి ఒక బయటి మనిషి ఐడియా. నాకు దాంతో పేచీ లేదు. పేచీ కొవ్వొత్తులు, బిస్కెట్ డబ్బాలు, మాగ్నెట్లు అమ్మే షాపులతోనే, వరసగా అవే. వెళ్తే పొద్దున్నే తొమ్మిదింటికి వెళ్ళండి, పల్లంలో ఉన్న చర్చి చూడండి (అక్కడా ఒక విగ్రహం కథే, ఈసారి చెట్టు తొర్రలో దొరికింది, దొరికింది గొర్రెలు కాసే పిల్లకి), పదకొండుకి బయటపడండి. డిసెంబర్‌లో క్రిస్మస్ దీపాలు పెడతారు, అప్పుడు కాలు పెట్టే చోటుండదు.

తిండి గురించి రాయకపోతే మా చెల్లి ఊరుకోదు. నల్ల గోధుమ అంటారు కానీ గోధుమ కాదు, ఉత్తరాదిలో ఉపవాసాలకి తినే కుట్టు పిండి, దాంతో గాలెట్ పోస్తారు, పెద్ద ఇనప పెనం, పలచగా తిప్పడానికి చెక్క పుల్ల, అత్తయ్య పక్కన నిలబడి "పెనం ఇంకాస్త కాలాలి" అని తెలుగులో సలహా ఇచ్చారు. ఎక్కువ మంది తినే గాలెట్‌లో గుడ్డు, చీజ్, పంది మాంసం వస్తాయి, "సాన్ జాంబోన్" అంటే మాంసం తీసేసి ఇస్తారు, పుట్టగొడుగులు వేయమంటే వేస్తారు. వెన్నలో ఉప్పు ఇక్కడి స్పెషల్, పాత రోజుల్లో మిగతా ఫ్రాన్స్‌లో చాలాచోట్ల ఉప్పు మీద పన్ను వాయించేవాళ్ళు, బ్రిటనీకి మినహాయింపు ఉండేది, అందుకని వీళ్ళు వెన్నకి ధారాళంగా ఉప్పు పట్టించారు. ఆ ఉప్పు వెన్న, పంచదార, పిండి కలిపి చేసేదే కూయిన్-అమాన్, 1860 ప్రాంతంలో దువార్నెనేలో పుట్టింది, లోక్రొనాన్‌లో వేడివేడిగా దొరుకుతుంది, ముక్క చిన్నదే తీసుకోండి, పెద్దది తిని కారెక్కితే దారిలో ఏ కోటా చూడబుద్ధి కాదు. ఒక హెచ్చరిక, మధ్యాహ్నం రెండు దాటితే ఈ ఊళ్ళల్లో కిచెన్ మూసేస్తారు, బతిమాలినా పెట్టరు.

ఇప్పుడు ఆ కంపెనీ సంగతి. లోరియాన్ అనే ఊరు పుట్టిందే ఫ్రెంచ్ ఈస్టిండియా కంపెనీ కోసం, 1666లో. ఆ పాత ఊరు ఇప్పుడు లేదు, జర్మన్ సబ్‌మెరైన్ల స్థావరం ఉందని 1943లో మిత్రదేశాల విమానాలు బాంబులేసి దాదాపు నేలమట్టం చేశాయి, స్థావరం మాత్రం చెక్కుచెదరలేదు. అందుకని లోరియాన్‌లో దిగి బస్సు లాగా నడిచే చిన్న పడవెక్కి అవతల గట్టుకి, పోర్-లూయీకి వెళ్ళాలి. అక్కడ 16వ శతాబ్దం చివర్లో స్పానిష్ వాళ్ళు మొదలెట్టిన సముద్రపు కోట, అందులో కంపెనీ మ్యూజియం. ఓడల నమూనాలు, చైనా పింగాణీ దాటుకుని వెళ్తే మన కోరమాండల్ తీరం బట్టలు. ఈ కంపెనీకి మచిలీపట్నంలో 1669లోనే కొట్టు ఉంది, గోల్కొండ సుల్తాను ఫర్మానాతో. యానాం తర్వాత వచ్చింది.

మన అద్దకం గుడ్డలంటే ఫ్రాన్స్‌లో ఎంత పిచ్చి పట్టిందంటే అక్కడి పట్టు, ఉన్ని నేతవాళ్ళు గగ్గోలు పెడితే ప్రభుత్వం 1686లో వాటిని నిషేధించింది, 1759 దాకా నిషేధం నడిచింది, జనం మాత్రం చాటుగా కుట్టించుకుంటూనే ఉన్నారు. ఉతికితే పోని రంగు ఎలా వస్తుందో ఇక్కడి వాళ్ళకి అంతుపట్టలేదు. చివరికి కూర్డూ అనే జెసూట్ ఫాదర్, తెలుగు బాగా నేర్చుకున్న మనిషి, 1742లో ఆ పద్ధతంతా ఉత్తరంలో రాసి పంపాడు. అత్తయ్యకి ఉత్తరం అక్కర్లేదు, అద్దం పెట్టెకి ముక్కు ఆనించి వరసగా చెప్పుకుపోయారు, ఇది కరక్కాయలో తడిపింది, ఈ నలుపు కసిమి, ఈ ఎరుపు పటిక మీద చిరివేరు. ఆ గుడ్డల్లో కొన్ని ఆఫ్రికా తీరానికి వెళ్ళి మనుషుల్ని కొనడానికి పనికొచ్చాయని చెప్పినప్పుడు మాత్రం "గుడ్డ ఇచ్చి మనుషుల్నా?" అని రెండుసార్లు అడిగారు.

లోక్రొనాన్‌లో చూసిన తెరచాప గుడ్డా, మచిలీపట్నం అద్దకమూ ఒకే కంపెనీ లెక్క పుస్తకంలో ఉండేవి అని నాకు ఈ మ్యూజియంలోనే తట్టింది. అందుకే ఎవరైనా నన్నడిగితే వరస మార్చి చెప్తున్నా, ముందు పోర్-లూయీ, తర్వాత లోక్రొనాన్, టైం ఉంటే కాంతాన్. కారు తప్పదు, ఈ ఊళ్ళకి బస్సులు ఉన్నా రోజుకి ఏవో కొన్నే, ఆదివారం ఇంకా తక్కువ. ఒక సుఖం ఏంటంటే బ్రిటనీ హైవేల మీద టోల్ లేదు. నెల అడిగితే జూన్ లేదా సెప్టెంబర్ అంటాను, ఆగస్టులో ఫ్రాన్స్ అంతా సెలవుల మీద ఇక్కడికే వస్తుంది, లోక్రొనాన్‌లో పార్కింగ్ దొరకడానికే అరగంట పోద్ది.